విజిలు చంద్రమోహన్ ఏరిన పదకొండుమంది

పెనుకొండలో చంద్రమోహన్ ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ చంద్రమోహన్ అంటారు. విజిలు చంద్రమోహన్ అంటే మాత్రం వెంటనే సందు చూపించి, "ఆయప్పతో నీకేం పని పడిందప్పా?" అని జాలిపడతారు. అట్లా జాలిపడేవాళ్ళలో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతిలో ఫౌలు అయినవాళ్ళు. మిగతా సగం వాళ్ళ బంధువులు.

పొట్టకూటికి ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అసలు బతుకు మాత్రం ఆదివారాలూ సెలవురోజులే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడూళ్ళలో ఏ కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచి జరిగినా నడిమధ్యన నల్లచొక్కా వేసుకుని ఆయనే ఉంటాడు. పొట్ట కొంచెం ముందు, మనిషి కొంచెం వెనక పరిగెత్తుతుంటారు. ఇరవయ్యేళ్ళుగా అదే విజిలు, అదే ముఖం. నవ్వితే ఏదో ఒక జట్టు వైపు మొగ్గినట్టవుతుందని మైదానంలో నవ్వనే నవ్వడు.

మన వైపు మనిషికి మనిషి ఎదురైతే మొదట అడిగేది పేరు కాదు. "మనోడేనా?" అని అడుగుతారు. తరవాతే కాఫీ, తరవాతే క్షేమసమాచారం. చంద్రమోహన్ పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. పిల్లనిచ్చింది హిందూపురంవాళ్ళు. ఉద్యోగం, కాపురం పెనుకొండ. కాబట్టి మొదట్లో మూడూళ్ళవాళ్ళూ ఆయన్ని మనోడే అనుకున్నారు, పాపం. ఆయన మూడూళ్ళనూ సమానంగా ముంచాడు.

ఒకసారి ఫైనల్లో, ఇంకో నిమిషంలో ఆట అయిపోతుందనగా, బావమరిది కొడుకు ఆడుతున్న హిందూపురం జట్టు మీద పెనాల్టీ ఇచ్చాడు. ఆ తరవాత పండక్కి అత్తారింటికి వెళితే అందరి ఓళిగల మీదా, అంటే బొబ్బట్ల మీదా, నెయ్యి పడింది, ఈయన ఓళిగ మీద పడలేదు. వేరేవాళ్ళయితే అవమానమని లేచి వచ్చేస్తారు. చంద్రమోహన్ ఆ పొడి ఓళిగను సంతోషంగా తిని, ఆర్నెల్లపాటు ఆఫీసులో ఆ కథ చెప్పుకున్నాడు. నెయ్యి పడలేదంటే న్యాయం జరిగినట్టేనని ఆయన లెక్క. ఇక ధర్మవరంలో పుట్టిన వీధిలో నడిచివెళుతుంటే మగ్గాలు ఆపి మరీ తిట్టేవాళ్ళు. మగ్గం ఆపితే ఆ కాసేపటి కూలి పోయినట్టే కదా. చేతి నష్టానికి ఓర్చి తిట్టారంటే ఎంత మంట పుట్టి ఉండాలి! అది కూడా ఆయనకు సన్మానంలాగే ఉండేది.

ఆయనకు ఒక్కతే కూతురు, పావని. గోల్‌కీపరు. తండ్రి విజిలు చప్పుడు వింటూ పెరిగిన పిల్ల ఇంకేమవుతుంది? ఇంటర్‌లో ఉండగా ఒక మ్యాచిలో బూటు లేసు ఊడిపోతే, బంతి పక్కన పెట్టి వంగి కట్టుకుంది. ఆట ఆలస్యం చేస్తోందని తండ్రి పరిగెత్తుకొచ్చి ఎల్లో కార్డు చూపించాడు. ఇంటికొచ్చాక తల్లి ఉమాదేవి, "లేసు కట్టుకునేదీ తప్పేనాండీ?" అని అడిగితే, "గ్రౌండులో నాకు కూతుళ్ళు లేరు" అన్నాడు. పక్కింటివాళ్ళకు వినబడేంత గట్టిగా అన్నాడు. పావనికీ వినబడింది. ఆ పిల్ల తరవాతి మ్యాచినుంచి లేసుకు రెండు ముళ్ళు వేసుకుంది.

ఆ పిల్ల ఆట గురించి నేను చెప్పడమెందుకు, హిందూపురం కాలేజీలో ఆటలు నేర్పే పీడీ ఓబులేసు మాటల్లోనే వినండి. "గోల్‌లో పావని ఉంటే నాకు ముందర తొమ్మిదిమంది చాలు సార్. పదోవాణ్ణి టీ తెమ్మని పంపిస్తా" అనేవాడు. ఆడపిల్లల జట్టులో పదోవాడెక్కడినుంచి వచ్చాడని అడక్కండి, ఓబులేసు మాటలు అట్లాగే ఉంటాయి. మూడేళ్ళూ పావని రోజూ పొద్దున్నే పెనుకొండలో బస్సెక్కి హిందూపురం వెళ్ళేది, చదివింది, ఆడింది, రెండేళ్ళు కప్పు తెచ్చిపెట్టింది. డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు ఇంట్లో తల్లికీ కూతురికీ ఒక ఒప్పందం నడుస్తోంది. ఈ ఏడాదిలోపల ఏదైనా పెద్ద జట్టు పిలిస్తే ఆట. లేకపోతే బూట్లు అటక మీదికి, పిల్ల బీఈడీకి.

సరిగ్గా అప్పుడు ధర్మవరంలో సాయిప్రసాద్‌కు ఒక ఆలోచన వచ్చింది.

సాయిప్రసాద్‌ది పట్టుచీరల అంగడి. ఆయన రోజూ ఫోనులో క్రికెట్ డ్రీమ్ టీమ్ ఒకటి ఏరుకుని, రోజూ ఓడిపోయే మనిషి. అంగడి పెట్టి పాతికేళ్ళయిన సందర్భంగా ఏదైనా చేద్దామనుకున్నాడు. ఫోనులో ఏరేదేదో మైదానంలోనే ఏరితే పోలా అనిపించింది. ఈ మధ్య మూడూళ్ళ కాలేజీల్లో ఆడిన పిల్లల్లోంచి పదకొండుమంది మేటివాళ్ళను ఏరి, బెంగుళూరు నుంచి ఒక పెద్ద క్లబ్బును పిలిపించి ఆడించాలి. మగపిల్లల జట్టా, ఆడపిల్లల జట్టా అని ఎవరో అడిగితే, "పట్టుచీరల అంగడికి మగపిల్లోళ్ళ మోకాళ్ళు ఏంటికప్పా?" అన్నాడు. అట్లా ఆడపిల్లల డ్రీమ్ టీమ్ ఖాయమైంది. పైగా క్లబ్బు కోచ్ ప్రేమలతా మేడమ్ ఆట చూసి, నచ్చిన ఒకరిద్దర్ని బెంగుళూరుకు తీసుకుపోతుందనీ, ఉండడానికి హాస్టలూ, ఆడడానికి పెద్ద లీగూ ఇప్పిస్తుందనీ ఫ్లెక్సీలు వేయించాడు. ఆ ఫ్లెక్సీ కింద పావని బస్సు దిగి ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదుగానీ, ఇంటికొచ్చేసరికి కూర చల్లారిపోయింది.

మరి ఏరేదెవరు? అక్కడ మొదలైంది రగడ. ముగ్గురు పీడీలూ సాయిప్రసాద్ అంగడిలో పరుపుల మీద కూర్చుని తలా పదకొండు పేర్లు చెప్పారు. ఒక్కొక్కరూ పదకొండు పేర్లూ తమ కాలేజీవే చెప్పారు. మాటామాటా పెరిగి, చూపించడానికి తీసిన చీరలు తొక్కుళ్ళలో పడ్డాయి. సాయిప్రసాద్‌కు చీరల మీద బెంగ పట్టుకుంది. "ఆగండప్పా, ఆగండి! మీ ముగ్గురికీ పడనోడు ఎవడన్నా ఉన్నాడా?" అని అరిచాడు. ముగ్గురూ ఒకేసారి, "విజిలు చంద్రమోహన్" అన్నారు. వాళ్ళు ముగ్గురూ ఏకమైన సందర్భం అదొక్కటే.

కబురు తెలిసిననాడు చంద్రమోహన్ ఆఫీసులో నేల మీద నడవలేదు. ఇరవయ్యేళ్ళు పడ్డ తిట్లకు ఇన్నాళ్ళకు ఫలం దక్కింది. న్యాయానికి ఒక పీట వేసి కూర్చోమన్నారు. ఓబులేసు ఫోన్ చేసి, "సార్, గోల్‌కీపర్ సంగతి మీరు ఆలోచించే పన్లేదు. అది ఊరందరికీ తెలిసిందే కదా" అన్నాడు. ఆ మాట పిల్ల మీద ప్రేమతోనే అన్నాడు. చంద్రమోహన్‌కు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఊరందరికీ తెలుసంటే, ఊరందరూ అదే ఎదురుచూస్తున్నారన్నమాట. కూతురి పేరు ఎప్పుడు రాస్తాడా, ఎప్పుడు చేతులు చరిచి నవ్వుదామా అని!

ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. పక్కన ఉమాదేవి చెనక్కాయలు వొలుస్తోంది. పదిమంది ఇట్టే తేలిపోయారు. ముందువరసలో యమున. పెళ్ళయి రొద్దం దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తోంది. బంతి లేకపోయినా గొర్రెల వెంట పరుగు మానలేదు కాబట్టి కాళ్ళలో పదును పోలేదు. మధ్యవరసలో నీలావతి, హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం మానేసైనా వస్తానని కబురు పెట్టింది. ఇట్లా ఒక్కొక్కరే. ఆటలో మేటి అయిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఏ పనుల్లో ఉన్నారో చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. అయినా ఆ పది పేర్లలో చంద్రమోహన్ ఎక్కడా తప్పు చేయలేదు. మొహమాటానికి పోలేదు, ఊళ్ళు పంచలేదు. ఆ మాట నేను ఒప్పుకుని తీరాలి.

పదకొండో పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఎదురుగా పెరట్లో పావని గ్లౌజులు ఉతికి గోడ మీద ఆరేస్తోంది. ఎండకు వేళ్ళు ముడుచుకుపోతాయని ఒక్కో వేలూ సాగదీసి పెడుతోంది. తండ్రి ఏం రాస్తున్నాడో ఆ పిల్లకు తెలుసు. అడగలేదు. ఒక్కసారి మాత్రం లోపలికి తొంగిచూసి, "నాయనా, మంచినీళ్ళు తెచ్చేదా?" అంది. వద్దన్నాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, "మజ్జిగ?" అంది. అది కూడా వద్దన్నాడు.

ఉమాదేవి చేతిలో చెనక్కాయ చేతిలోనే ఆపి, "ఎవురి పేరు కోసరం అంత ఆలోచన చేస్తాండారు?" అంది.

"కీపరు."

"దానికి ఆలోచనేంటికి? ఇంట్లోనే ఉండాది కదా."

"అదే కదా కష్టం!" అన్నాడు చంద్రమోహన్. "ఇంట్లో ఉండాదనే కదా అందరూ అనేది."

చివరికి సుచిత్ర పేరు రాశాడు. ధర్మవరం పిల్ల, మగ్గం నేసేవాళ్ళ అమ్మాయి. మంచిదే, ధైర్యం కలది. కానీ కుడివైపు పడినంత బాగా ఎడమవైపు పడలేదు. ఆ సంగతి చంద్రమోహన్‌కు తెలుసు, అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ రాశాడు. రాసి, పెన్ను మూసి, కళ్ళు తడి చేసుకున్నాడు కూడా. కూతురికి అన్యాయం జరిగిందని కాదండోయ్. ఇంత త్యాగం చేయగలిగిన తండ్రి ఇంకెవడైనా ఉంటాడా అని తన మీద తనకే ముచ్చటేసి.

సాయంత్రం చెప్పాడు. పావని ఒకే ప్రశ్న అడిగింది. "సుచిత్ర నాకన్నా బాగా ఆడతాదా నాయనా?"

"రిఫరీని కారణం అడక్కూడదమ్మా" అన్నాడు.

ఉమాదేవికి ఒళ్ళు మండిపోయింది. "రిఫరీనంట రిఫరీ! ఇంట్లో అన్నం తినేది రిఫరీనా, దీని నాయనా?" అని చెనక్కాయల చేట విసురుగా పక్కకు తోసింది. గింజలన్నీ మంచం కిందికి పోయాయి. పావని వంగి వాటిని ఏరుతూ కూర్చుంది. అమ్మానాన్నలకు ముఖం కనబడకుండా ఉండడానికి ఆ పని బాగా పనికొచ్చింది.

జట్టు పేర్లు బయటికి వచ్చాక మూడూళ్ళలోనూ ఒకే చర్చ. చంద్రమోహన్ చొక్కా ఇస్త్రీ చేసుకుని, మెచ్చుకోళ్ళు అందుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. "కూతుర్నే పక్కన పెట్టినాడు, ఎంత ధర్మాత్ముడు!" అని ఎవరో ఒకరు అనాలి కదా. ఆ మాట కోసం చెవి కోసుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు అనలేదు. ధర్మవరంలో, "సుచిత్ర పేరు రాసినందుకు సాయిప్రసాద్ ఎన్ని పట్టుచీరలు ఇంటికి పంపించినాడో" అన్నారు. హిందూపురంలో, "పాపకు మోకాలు పోయింటాది, దాస్తాండారు" అన్నారు. పెనుకొండలోనైతే, ఏదో సంబంధం కుదిరిందనీ, పెళ్ళికొడుకువాళ్ళు ఆట వద్దన్నారనీ తేల్చేశారు. ఇంటికొచ్చి శుభలేఖలు ఎప్పుడు వేయిస్తారని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. మన ఊళ్ళలో మనిషి ఏ తప్పయినా చేస్తాడని నమ్ముతారుగానీ, ఊరికే న్యాయం చేస్తాడంటే ఎవరు నమ్ముతారు?

ఆఫీసుకు ఓబులేసు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. టీ తెప్పిస్తే తాగలేదు. "సార్, ఇన్నేళ్ళూ మీరు మాకు ఎన్ని పెనాల్టీలు ఇచ్చినా ఒక్కనాడు కూడా మిమ్మల్ని దొంగ అనలా. ఈ పొద్దు అంటాండా" అని లేచిపోయాడు. చంద్రమోహన్‌కు ఆ టీ చేదుగా అనిపించింది. అయినా రెండు కప్పులూ ఆయనే తాగాడు.

మ్యాచిరోజు రానే వచ్చింది. ధర్మవరంలో కాలేజీ మైదానం కిటకిటలాడిపోయింది. చెట్ల మీద, గోడల మీద, ఆటోల మీద జనం. రిఫరీ ఇంకెవరు, చంద్రమోహనే. పావని రాదనుకున్నాడు. వచ్చింది. ఉత్త చేతులతో వచ్చి, తల్లితో పాటు జనంలో కూర్చుంది. ఆట మొదలయ్యే ముందు సుచిత్రే వచ్చి చెయ్యి పట్టుకుని, "అక్కా, నాకు కాళ్ళు వణుకుతాండాయి, కాసేపు బంతి కొట్టక్కా" అని లాక్కుపోయింది. పావని ఆమెకు బంతులు కొట్టింది, ఎడమవైపే ఎక్కువ కొట్టింది. "ఈడ కాలు పెట్టు, ముందుగా పడొద్దు, బంతి వచ్చేదాకా చూడు" అని చెప్పి పెట్టింది. అది చూసిన ఉమాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బెంగుళూరువాళ్ళు గెలిచారు. గెలవరూ మరి! రోజూ కలిసి ఆడేవాళ్ళు వాళ్ళు, ఉదయం బస్సు దిగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నవాళ్ళు మనవాళ్ళు. యమున ఒక గోల్ కొట్టినప్పుడు మాత్రం మైదానం దద్దరిల్లిపోయింది. సుచిత్రకు నాలుగు పడ్డాయి, అందులో మూడు ఎడమవైపే. బంతి వలలో పడ్డ ప్రతిసారీ జనంలోంచి ఎవరో, "ఏమప్పా విజిలూ, నీ బిడ్డను యాడ దాచిపెట్టినావు?" అని అరుస్తున్నారు. చంద్రమోహన్ వినబడనట్టు సెంటర్ వైపు నడిచాడు.

ఆట అయ్యాక ప్రేమలతా మేడమ్ యమునను పిలిచి, మా జట్టులోకి వస్తావా అని అడిగింది. యమున నవ్వేసింది. "చంటిబిడ్డ ఉండాది మేడమ్, నలభై గొర్రెలు ఉండాయి. నన్ను వదిలెయ్యండి. మీకు కావాల్సింది నేను కాదు, ఆడ పచ్చ డ్రెస్సులో కూర్చోనుండాది చూడండి, ఆ పిల్ల. ఆ పిల్ల గోల్‌లో ఉంటే మీరు ఈ పొద్దు గెలిచేవాళ్ళే కాదు" అంది.

"అంత మంచి కీపర్ అయితే టీములో యాకె లేదు?" అంది మేడమ్. ఆమె తెలుగులో కన్నడం కలిసి వస్తుంది.

"సెలక్టరు తీసుకోలా."

"సెలక్టర్ ఎవరు?"

"ఆయమ్మి నాయనే."

మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "మరి కన్న తండ్రే వద్దన్నాడంటే ఏదో విషయం ఉంటుంది కదా. ఆయనకన్నా మనకు ఎక్కువ తెలుసా?" అని వ్యాను వైపు కదిలింది.

చంద్రమోహన్ అక్కడే నిలబడి ఉన్నాడు, విజిలు మెడలో వేలాడుతూ. ఆ మాట ఆయన చెవిన పడింది. తాను చేసిన త్యాగానికి అర్థం అదా! కూతురు పనికిరాదని ఊరి ముందర సాక్ష్యం చెప్పినట్టయిందా! జనంలో కూర్చున్న పావని లేచి నిలబడి, బట్టలకంటిన మట్టి దులుపుకుంటోంది. ఇక ఇంటికి పోవడమే అన్నట్టు తల్లి చేతిలో సంచీ అందుకుంది. ఆయన ఇక ఆగలేదు. పరిగెత్తుకెళ్ళి మేడమ్‌కు అడ్డం నిలబడ్డాడు.

"మేడమ్, మా అమ్మాయే ఫస్ట్. మూడూళ్ళలో దానంత కీపరు లేదు. నేను చెప్తాండా, నమ్మండి."

ప్రేమలత జాలిగా చూసింది. "పొద్దున్నుంచి నాకు ఈ మాట ఎంతమంది నాన్నలు చెప్పినారో లెక్కలేదు సార్. అందరికీ వాళ్ళ పిల్లే ఫస్ట్."

చూడండి విచిత్రం. ఊళ్ళోవాళ్ళందరి పిల్లల విషయంలోనూ చెల్లిన ఆయన మాట, సొంత పిల్ల దగ్గరికి వచ్చేసరికి చెల్లలేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి తండ్రిగా నోరు విప్పితే, ఉత్త తండ్రి కింద జమకట్టి పక్కకు తప్పుకోమన్నారు.

పావని దగ్గరికి వచ్చింది. తండ్రి వైపు చూడలేదు. మేడమ్‌తో నేరుగా, "మాటలెందుకు మేడమ్, మీ పిల్లల్తో అయిదు పెనాల్టీలు కొట్టించండి. రెండు గోల్స్ పోతే నేనే ఇంటికి పోతా" అంది.

వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మేడమ్ గడియారం చూసుకుంది, పిల్ల ముఖం చూసింది, సరే అంది. సుచిత్ర తన గ్లౌజులు విప్పి పావనికి తొడిగింది. ఇంటిదారి పట్టిన జనం మళ్ళీ వెనక్కి మళ్ళారు. విజిలు ఎవరు ఊదాలన్న ప్రశ్నే రాలేదు. అది మెడలో ఉన్నది ఒక్కడికే.

మొదటిది పావని కుడివైపు పడి పట్టింది. రెండోది పిడికిలితో బయటికి కొట్టింది. మూడోది కొట్టిన అమ్మాయి భయపడి పైకి కొట్టేసింది. జనం ఈలలు, అరుపులు. నాలుగోదానికి బెంగుళూరు కెప్టెనే వచ్చింది. ఎడమ మూలకు, నేలబారుగా, గట్టిగా కొట్టింది. పావని పొడవు మొత్తం చాచి పడింది, వేలికొసలతో బంతిని స్తంభం పక్కకు నెట్టింది. మైదానం అంతా ఒక్కసారి లేచింది. ఆ హోరులో విజిలు మోగింది.

"కాలు గీత మీద లేదు. మళ్ళీ కొట్టల్ల" అన్నాడు చంద్రమోహన్.

బంతి కొట్టేదాకా కీపరు కాలు ఒక్కటైనా గీత మీద ఉండాలి. నియమం నియమమే. కానీ ఆ క్షణంలో ఆ నియమం ఎవరికి గుర్తుంది! సాయిప్రసాద్ మైకులోనే, "నీకేమన్నా పిచ్చి పట్టిందా అప్పా?" అన్నాడు. ఉమాదేవి అన్న మాట ఇక్కడ రాయలేను. ఓబులేసు అయితే ఇక చూడలేనని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పావని లేచి తండ్రి వైపు ఒక్క చూపు చూసింది. వాదించలేదు. వెళ్ళి గీత మీద నిలబడింది. రెండోసారి కొట్టింది గోల్ అయింది. అయిదోది పట్టుకుంది. ఎట్లా పట్టుకుందో నేను చెప్పలేను, ఆ బంతిని కడుపుకు హత్తుకుని కాసేపు నేల మీదే ఉండిపోయింది.

ప్రేమలతా మేడమ్ నవ్వుతూ చంద్రమోహన్ దగ్గరికి వచ్చింది. "సార్, నిజం చెప్పండి. ఈమె మీ సొంత కూతురేనా?"

"అవును మేడమ్."

"సొంత కూతురి బతుకు ఆ బంతి మీద ఉంటే కూడా తప్పు తప్పే అని ఊదినారు. మీ మాట నమ్మలేదు నేను. మీ విజిలు నమ్ముతున్నాను. ఇట్లాంటి మనిషి తన పిల్లే ఫస్ట్ అన్నాడంటే అది ఫస్టే." పావని వైపు తిరిగి, "సోమవారం బెంగుళూరుకు వచ్చెయ్" అంది.

ఇంకేముంది! అప్పటిదాకా పిచ్చోడా అన్న సాయిప్రసాద్ అదే మైకులో, "ధర్మాత్ముడప్పా మన చంద్రమోహను! కన్నబిడ్డకు కూడా తప్పుకు తప్పు ఊదిన ధర్మాత్ముడు!" అని అరిచాడు. మన చంద్రమోహను అన్నాడు, విన్నారా? ఎవరో శాలువా కప్పారు. సాయంత్రానికి ఆ నాలుగో పెనాల్టీ వీడియో ప్రతి ఫోనులోనూ తిరిగింది. ఓబులేసు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏ మాట కోసం ఇరవయ్యేళ్ళు కాచుకున్నాడో ఆ మాట ఒక్కరోజులో వంద నోళ్ళ నుంచి విన్నాడు.

పెనుకొండ బస్సులో ముగ్గురికీ సీట్లు దొరికాయి. ఉమాదేవి సంచీ ఒళ్ళో పెట్టుకుని అలసిపోయి కునికిపాట్లు పడుతోంది. కిటికీ పక్కన పావని, పక్కన శాలువాతో చంద్రమోహన్. పొద్దు గుంకుతోంది. బస్సెక్కినవాళ్ళెవరో గుర్తుపట్టి దండం పెడితే ఆయన కూడా పెట్టాడు.

"నాయనా" అంది పావని, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఆ నాలుగోది. నా కాలు గీత దాటింది నువ్వు చూసినావా?"

"ఇప్పుడెందుకమ్మా అదంతా, నిన్ను తీసుకున్నారు కదా."

"చూసినావా?"

చూశానంటే అయిపోయేది. వందమంది నమ్మారు, వీడియోలో కాళ్ళు కనబడవు, బంతి ఒక్కటే కనబడుతుంది. చంద్రమోహన్ నోరు తెరిచాడు. కానీ ఆ మాట రాలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆయనకు ఆ గీత గుర్తు రాలేదు. కూతురి కాలు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది జనం ముఖాలు. ఆ బంతి కొట్టేటప్పుడు ఆయన చూస్తున్నది వాళ్ళను. పిల్ల వరసగా ఆపేస్తోంది, తండ్రి చూసీచూడనట్టు వదిలేస్తున్నాడని అనుకుంటున్నారేమోనని వాళ్ళ కళ్ళలోకి చూస్తున్నాడు. చూస్తూ ఊదేశాడు.

"చూళ్ళేదు" అన్నాడు.

"నేను కాలు తియ్యలేదు నాయనా."

"తియ్యవు. నాకు తెల్సు."

"మరేంటికి ఊదినావు?"

బస్సు గుంతలో పడి లేచింది. ఆయన శాలువా జారిపోయింది, పైకి లాక్కోలేదు. "నువ్వు కాబట్టి ఊదినా తల్లీ" అన్నాడు. "ఇంకెవురన్నా అయితే ఊదేవాణ్ణి కాదు."

అని, ఆ మాట తన చెవులతో తానే విన్నాక, చంద్రమోహన్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. మనిషిని చూడకుండా ఊదుతున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఈ ఒక్క మనిషిని చూడకుండా ఏనాడూ ఊదలేదు. భుజాలు కదిలిపోతున్నాయి. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, కూతురు ఊరు వదిలి పోతోందని ఏడుస్తున్నాడు కాబోలనుకుని మళ్ళీ ముందుకు తిరిగాడు.

పావని ఆయన్ను ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? తరవాత తన కళ్ళు తుడుచుకుంది.

"బెంగుళూరులో నా మ్యాచికి వస్తావా?" అంది.

"వస్తా."

"వస్తే మా వైపు కూర్చోవల్ల. గోల్ పడినా, తప్పు నాదే అయినా, మా వైపే అరవల్ల."

"నాకు అరిచేది రాదమ్మా."

"నేర్చుకో" అంది పావని.